మోటారు పందెములలో పెద్దలు, పిన్నలు: కోయంబత్తూరు తెలుగువారి కృషి

కోలారు బంగారు గనులకు చిత్తూరు, ఉత్తర ఆర్కాటు మండలములనుండి తరలివచ్చిన తెలుగువారి చరిత్ర ఈ ప్రాంతపు పాఠకులకు క్రొత్త కాదు. 1880లో జాన్ టేలర్ సంస్థ గనుల నిర్వహణమును చేపట్టినది మొదలు 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడువరకు, నూట ఇరువది సంవత్సరములు, ఆ పాతాళమున ఒక విద్య చేతినుండి చేతికి సాగివచ్చెను. క్రొత్తగా గనిలో దిగిన కుఱ్ఱవాడు ఒంటరిగా పనిచేయడు. తలపై నున్న రాతిని ఇనుప కడ్డీతో తట్టి, వచ్చిన ధ్వనిని బట్టి అది గట్టిగా నున్నదో, వదలి క్రిందపడ సిద్ధముగా నున్నదో చెప్పగల పెద్దవాని పక్కన నిలిచి పనిచేయును. పదివేల అడుగులకు మించిన లోతునకు దిగిన చాంపియన్ రీఫ్ వంటి గనిలో అట్టి చెవి పుస్తకము వలన రాదు. గనులు మూతపడిన దినమున పోయినవి జీతములు మాత్రమే కావు. ఆ చెవి గల పెద్దలకు శిష్యులు లేకపోయిరి.

ప్రాణభయము గల పనిలో పెద్దచేయి పక్కన పిన్నచేయి నిలుచు ఈ పద్ధతి మఱొక యంత్రవిద్యలోను కలదు. అది మోటారు పందెముల విద్య. భారతదేశమున ఆ విద్యకు తెలుగు మాటలాడు కుటుంబములు చేసిన సేవ తగినంతగా ప్రచారము పొందలేదు. కోయంబత్తూరు తెలుగువారిలో ఒక తరమునుండి మఱొక తరమునకు ఆ విద్య ఎట్లు అందినదో, ఎచ్చట ఆ గొలుసు తెగినదో, తెగినందువలన కలిగిన నష్టమేమో విచారించుట ఈ వ్యాసపు ఉద్దేశము.

విజయనగర రాజుల కాలమునను, పిమ్మట మధుర నాయకుల పాలనమునను కొంగునాటికి చేరిన తెలుగు కుటుంబములు నల్లరేగడి నేలలలో ప్రత్తి పండించి, ఇరువదవ శతాబ్దారంభమున ఆ ప్రత్తిని వడకు మిల్లులను నెలకొల్పినవి. జి. కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్లును స్థాపించెను. పి.ఎస్.జి. సోదరులు 1926లో ధర్మసంస్థ నేర్పఱచి పారిశ్రామిక విద్యకు పునాది వేసిరి. కోలారు గనులకు 1902లో శివసముద్రమునుండి సుమారు 90 మైళ్ళ దూరము తీగలపై విద్యుచ్ఛక్తి వచ్చినట్లే, కోయంబత్తూరునకు 1932లో నీలగిరులలోని పైకారానుండి వచ్చెను. మిల్లులు హెచ్చినవి, వాని వెంట మరమ్మతు శాలలు, పోతపనివారు, లేతు పనివారు హెచ్చిరి. ఇంట తెలుగు, వీధిలో తమిళము, యంత్రము దగ్గఱ ఇంగ్లీషు: ఈ మూడు భాషలును ఒకే నోట పలుకు పనివారి పట్టణమది.

ఆ పట్టణమున మోటారు బండికిని తెలుగువానికిని గల స్నేహమునకు మొదటి గుర్తు జి.డి. నాయుడు. 1893లో కలంగల్ గ్రామమున పుట్టిన ఈయన 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని నడుమ ప్రయాణికులను చేరవేయ నారంభించెను. బస్సునకు యజమానియు ఆయనయే, డ్రైవరును ఆయనయే. ఆ ఒక్క బస్సు క్రమముగా పెద్ద రవాణా సంస్థ ఆయెను. ఏండ్ల తరబడి తరగతి గదిలో కూర్చుండి నేర్చు యంత్రవిద్య కాలహరణమనియు, వర్క్‌షాపులో నేర్పినచో అందులో కొంత కాలమే చాలుననియు ఆయన గట్టిగా వాదించెను. విశ్వవిద్యాలయములవారికి ఈ మాట రుచింపలేదు. ఆయన పందెముల మనిషి కాడు. కాని యజమాని మొదట తన చేతికి నూనె మరక అంటించుకొనవలెనను నడవడి ఆయన వలన ఆ పట్టణమున గౌరవము పొందెను. తరువాతి కథకు ఇది ముఖ్యము.

మోటారు పందెము ఒంటరి విద్య యని దూరమునుండి చూచువారికి తోచును. ఒక కారు, ఒక మనిషి, ఒక గెలుపు. వాస్తవమునకు పందెపు జట్టులో సాధారణముగా ఇద్దఱు డ్రైవరు లుందురు. వారి కారులు ఒకే మాదిరివి. వేఱు జట్టువానిచే ఓడినచో కారును నిందింపవచ్చును. తన జట్టువానిచే ఓడినచో నిందించుటకు తాను తప్ప మఱొకరు లేరు. కావున డ్రైవరునకు మొదటి ప్రత్యర్థి తన తోటివాడే. చిత్రమేమనగా, మొదటి గురువును అతడే. ఏ మలుపున ఎంత ముందుగా బ్రేకు తొక్కవలెనో, టైరులు తుదివరకు నిలుచునట్లు ఎట్లు నడపవలెనో, ముందరి కారు గాలిని చీల్చగా దాని వెనుక ఏర్పడు పలుచని గాలిలో ఎట్లు ఒదిగి వేగము పుంజుకొనవలెనో, కారు ప్రవర్తనమును ఇంజనీరునకు తెలియునట్లు ఎట్లు చెప్పవలెనో, ఇవి యన్నియు పెద్దవాని వెనుక నడపి నేర్చుకొనవలసినవి. ఈ చివరిది మిగిలినవానికంటె కష్టము. వేగముగా నడపు కుఱ్ఱవారు పలువురు కలరు. ఎందుచేత వేగము తగ్గినదో చెప్పగలవారు కొందఱే.

ఈ సంబంధమునకు యూరపు చరిత్రలో రెండు ప్రసిద్ధ ఘట్టములు కలవు. అర్జెంటీనాలోని బాల్కార్సే పట్టణమున మెకానిక్కుగా బ్రతుకు ప్రారంభించిన హువాన్ మాన్యుయల్ ఫాంజియో 1955లో మెర్సిడెస్ జట్టున పెద్ద డ్రైవరు. అతనికి 44 ఏండ్లు. అతని తోటివాడు ఇంగ్లీషు యువకుడు స్టర్లింగ్ మాస్, వయస్సు 25. ఆ సంవత్సరము మాస్ ఫాంజియో వెనుకనే, కొలిచినట్లు కొద్ది గజముల దూరమున నడపుచు, పందెముల వెంట పందెములు అతని చక్రముల జాడను చదివెను. బెల్జియములోను, హాలండులోను ఫాంజియో మొదటివాడు, మాస్ రెండవవాడు. జులై 16న ఇంగ్లండులోని ఎయిన్‌ట్రీ పందెమున క్రమము తలక్రిందులై, మాస్ కేవలము 0.2 సెకండు తేడాతో గెలిచెను. స్వదేశమున పిన్నవానికి పెద్దవాడు కావలెనని దారి ఇచ్చెనా? మాస్ జీవితాంతము దీనిని తేల్చుకొనలేకపోయెను. ఆ దినమున మాసే వేగముగా నడపెనని ఫాంజియో చెప్పెను. అంతకు మించి చెప్పలేదు. శిష్యుని గెలుపు శిష్యునిదే యని ఒప్పుకొనుటకు ఇంతకంటె మర్యాదయైన మార్గము లేదు.

రెండవ ఘట్టము మరుసటి సంవత్సరము, 1956 సెప్టెంబరు 2న, ఇటలీలోని మోంజాలో జరిగెను. అప్పుడు ఫాంజియో ఫెరారీ జట్టున నుండెను. అతని కారు చెడిపోయెను. ఒకరి కారును మఱొకరు తీసికొని నడపి, వచ్చిన పాయింట్లను పంచుకొను నియమము నాడు కలదు. జట్టులోని లూయీజీ ముస్సో తన కారు నిచ్చుట కిష్టపడలేదు. పీటర్ కాలిన్స్ అను 24 ఏండ్ల ఇంగ్లీషు యువకునకు ప్రపంచ విజేత యగుటకు ఇంకను అవకాశము మిగిలియుండెను. అతడు టైరులు చూపించుకొనుటకు ఆగి, ఫాంజియోను చూచి, కారు దిగి అతని కిచ్చివేసెను. ఫాంజియో రెండవ స్థానమున ముగించి నాలుగవసారి ప్రపంచ విజేత ఆయెను. తనకింకను వయస్సున్నది గదా యని కాలిన్స్ తలచెను. ఆ వయస్సు అతనికి దొరకలేదు. 1958 ఆగస్టులో జర్మనీలోని న్యూర్బుర్గ్‌రింగున పందెమున ప్రమాదమునకు లోనై 26వ యేట మరణించెను. ఆ సంవత్సరమునుండియే కారు మార్చుకొన్నవారికి పాయింట్లు ఇచ్చు నియమమును రద్దు చేసిరి. ముస్సో స్వార్థపరుడనియు, కాలిన్స్ ఉదారుడనియు వ్రాయుట వాడుక. ఇది పూర్తి న్యాయము కాదు. ఇటలీవాడైన ముస్సోకు స్వదేశమున, స్వజనుల కన్నుల ముందు గెలుపు చేతికందు దూరమున నుండెను. పెద్దవానికి చోటు విడుచుట పిన్నవాని విధి యని ఏ శాస్త్రమును చెప్పలేదు. అది అడిగి పొందదగినదియు కాదు.

మన దేశమున ఈ ఆటకు తొట్టె షోలవరము. మద్రాసునుండి నెల్లూరు పోవు మార్గమున, రెండవ ప్రపంచయుద్ధ కాలమున వేసిన విమానపు దారి అచ్చట కలదు. 1953లో స్థాపితమైన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు ఆ కాంక్రీటు పైననే దశాబ్దముల పాటు పందెములు నడపిరి. చూడవచ్చిన జనము వేలసంఖ్య. నడపువారు మాత్రము రెండు తెగలు. విదేశములనుండి కారు తెప్పించుకొనగల ధనికులు మొదటి తెగ. విజయ్ మాల్యా ఫార్ములా వన్ పందెములలో పనిచేసిన ఎన్‌సైన్ కారును తెచ్చి నడపినది ఇచ్చటనే. పాత అంబాసిడరు, ఫియట్, హెరాల్డ్ కారులను విప్పి, తేలిక చేసి, ఇంజనును సానపట్టి నడపినవారు రెండవ తెగ. మొదటి తెగవాని కారు అతనితోనే ఇంటికి పోవును. దానినుండి పిన్నవాడు నేర్చుకొనదగినది స్వల్పము. రెండవ తెగవాని వర్క్‌షాపు తలుపు తెరచియుండును.

లక్ష్మీ మిల్లు కుటుంబమున 1954లో జన్మించిన సుందరం కరివర్ధన్ ధనముచేత మొదటి తెగకు, గుణముచేత రెండవ తెగకు చెందినవాడు. పందెముల లోకమున అతనిని అందఱును కరి యనియే పిలిచిరి. షోలవరమున నడపి గెలిచినవాడు. గెలుపుతో తృప్తి పడనివాడు. కోయంబత్తూరు పోతపనివారి, లేతు పనివారి నేర్పును అతడెఱుగును. ఒక్క మనిషి కూర్చుండు నిజమైన పందెపు కారును ఈ పనివారిచేతనే, ఈ దేశపు ఇంజనుతోనే కట్టించినచో సామాన్యుల పిల్లలకును అది అందుబాటులోనికి వచ్చునని అతడు తలచెను. 1983లో వెలువడిన మారుతి 800 కారులోని మూడు సిలిండర్ల 796 సి.సి. ఇంజనును తీసికొని, ఉక్కు గొట్టముల చట్రమున బిగించి, 1980ల చివర ఒక కారును సిద్ధపఱచెను. దానికి పెట్టిన పేరు ఫార్ములా ఇండియా సింగిల్ సీటర్ మారుతి ఇంజన్. వాడుకలో ఫార్ములా మారుతి.

ఈ కారు యూరపు కారులతో పోల్చదగిన వేగము గలది కాదు. అదియే దాని గుణము. ఇంజను ఊరూర దొరకును, విరిగిన భాగము మరునాటికి వచ్చును, అన్ని కారులును ఒకే మాదిరివి. అందఱికిని సమానమైన కారున్నపుడు ముందు వచ్చినవాడు తన నేర్పుచేతనే ముందు వచ్చినట్లు. వెనుకబడిన కుఱ్ఱవాడు తన కొఱత ఎచ్చట నున్నదో, గెలిచినవాని చక్రముల జాడను చూచి తెలిసికొనవచ్చును. 1990లో మద్రాసు క్లబ్బువారు శ్రీపెరుంబుదూరు సమీపమున ఇరుంగాట్టుకోట్టయిలో సుమారు 3.7 కిలోమీటర్ల క్రమమైన పందెపు దారిని తెరచిన పిదప ఈ చిన్న కారులు అచ్చట పరుగెత్తినవి. పందెమున కాలిన చేతులే పిన్నలకు కారు కట్టి యిచ్చుట మన దేశమున ఒక క్రొత్త దశకు ఆరంభము. ఫాంజియో మాస్‌కు తన వెనుక చోటిచ్చెను. కరివర్ధన్ తన వెనుక వచ్చువారికి కారునే యిచ్చెను. ఈ రెంటిలో ఏది గొప్పదని అడిగినచో రెండవదే యనవలెను. మొదటిది ఒక్కనికి ఉపకరించును. రెండవది ముఖము తెలియనివారికిని ఉపకరించును.

కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదమున మరణించెను. నలువది యేండ్లు దాటిన వెంటనే, నేర్చినదంతయు నేర్పవలసిన వయస్సున, ఆ చేయి ఆగెను. కోయంబత్తూరు సమీపమున చెట్టిపాళయములో 2003లో తెరచిన కరి మోటార్ స్పీడ్‌వే అతని పేరు మోయుచున్నది.

ఆ చేతినుండి అందుకొన్నవారిలో ముఖ్యుడు నరైన్ కార్తికేయన్. 1977 జనవరి 14న జన్మించిన ఇతడు కోయంబత్తూరు తెలుగు కుటుంబమువాడే. తండ్రి జి.ఆర్. కార్తికేయన్ రాలీ పందెములలో జాతీయ విజేత; దక్షిణ భారత రాలీని ఏడుసార్లు గెలిచినవాడు. రాలీ యనునది చుట్టుదారిపై పందెము కాదు. ఊళ్ళ నడుమ మట్టిదారులలో, రాత్రులందు, గడియారముతో పోటీ. డ్రైవరు పక్కన నావిగేటరు కూర్చుండి, రానున్న మలుపు ఎట్టిదో, ఎంత దూరమున నున్నదో చదివి చెప్పుచుండును. కంటికి కనబడని మలుపును తోటివాని మాటపై నమ్మి వేగము తగ్గింపక పోవుటయే రాలీ. ఆ నమ్మకము ఎట్లు ఏర్పడునో ఇంటిలోనే చూచుచు పెరిగిన బాలునకు పందెపు విద్య పాలతో అబ్బిన దనవచ్చును.

నరైన్ ఫార్ములా మారుతిలో తన తొలి పందెముననే మొదటి మూడు స్థానములలో నిలిచెను. 1992లో, పదునైదేండ్ల వయస్సున, ఫ్రాన్సులోని ఎల్ఫ్ విన్‌ఫీల్డ్ పందెపు పాఠశాలకు పోయి అచ్చటి పోటీలో సెమీఫైనలు చేరెను. 1993లో మరల మన దేశమున ఫార్ములా మారుతి నడపెను. 1994లో ఇంగ్లండులో ఫార్ములా ఫోర్డ్ పందెములలో వెక్టర్ జట్టునకు రెండవ డ్రైవరు. రెండవ డ్రైవరనగా మంచి భాగములు మొదటివానికి పోయిన తరువాత మిగిలినవి తీసికొనువాడు. అట్లుండియు ఆ సంవత్సరపు శీతకాలపు పోటీలలో గెలిచి, యూరపున పందెముల వరుసను గెలిచిన తొలి భారతీయు డాయెను. 1996లో ఫార్ములా ఏషియా విజేత. 2001 జూన్ 14న సిల్వర్‌స్టోనులో జాగ్వార్ కారు నడపి, ఫార్ములా వన్ జట్టు కారును పరీక్షించిన మొదటి భారతీయుడుగా పేరందెను. కరివర్ధన్ గతించి అప్పటికి ఆరేండ్లు.

గొలుసు తెగినచోటు ఇక్కడనే కనబడును. 2005లో నరైన్ జోర్డాన్ జట్టున ఫార్ములా వన్ పందెములలో ప్రవేశించెను. అతని తోటివాడు పోర్చుగలువాడైన టియాగో మోంటేరో. అతడును ఆ యేటనే ప్రవేశించినవాడు; ఇద్దఱి వయస్సును ఒకటియే యనవచ్చును. జట్టు చేతులు మారి డబ్బులేక సతమతమగుచుండెను. తమ వెంట పోషకులను తేగల క్రొత్తవారికి చోటిచ్చి, జీతము కోరు అనుభవజ్ఞుని వదలుకొనెను. దానిచేత కారునందలి లోపమేదో, తమయందలి లోపమేదో తేల్చి చెప్పగల మూడవ మనిషి వారికి లేకపోయెను. మాస్‌కు ఫాంజియో, ఇంకెందఱికో ఇంకెందఱో. భారతదేశపు తొలి ఫార్ములా వన్ డ్రైవరునకు మాత్రము పెద్దదిక్కు లేదు. అతడు ఆ సంవత్సరము చేసిన తప్పులను లెక్కించినవారు ఈ విషయమును లెక్కించలేదు.

ఆ యేటి జూన్ 19న అమెరికాలోని ఇండియానాపోలిసులో ఒక వింత జరిగెను. ఎత్తుగా వాలిన చివరి మలుపున మిషెలిన్ టైరులు నిలువవని తేలుటచే, ఆ టైరులు గల 14 కారులును ప్రారంభమునకు ముందే లోనికి మరలిపోయినవి. బ్రిడ్జ్‌స్టోన్ టైరులు గల ఆఱు కారులే పరుగెత్తినవి. షూమేకర్, బారికెల్లో, మోంటేరో, వారి తరువాత నరైన్. నాలుగవ స్థానమునకు ఐదు పాయింట్లు వచ్చినవి. ఆఱుగురిలో నాలుగవవాడని ఎగతాళి చేసినవారు కలరు. కాని బరువైన కారును తుదివరకు చెడకుండ, తోటివానిని తాకకుండ తెచ్చుటయే ఆ దినమున జట్టు కోరిన పని. అది ఇద్దఱును చేసిరి.

2006, 2007 సంవత్సరములలో విలియమ్స్ జట్టున పరీక్షల డ్రైవరుగా నుండుట నరైన్‌నకు వేఱొక పాఠము. పందెమున దిగువారు ఇతరులు; వారి కారును మెఱుగుపఱచుటకు వందల చుట్లు తిరుగువాడు ఇతడు. చప్పట్లు లేని పని. అదే కాలమున ఏ1 గ్రాండ్ ప్రీ అను దేశముల నడుమ పందెములలో భారత జట్టున ఇతడు పెద్దవాడుగా నిలిచెను. షోలవరపు తరమువాడైన అక్బర్ ఇబ్రహీం కుమారుడు అర్మాన్ 16వ యేటనే ఆ జట్టున ప్రవేశించియుండెను. 2007 డిసెంబరులో చైనాలోని జుహాయిలో నరైన్ ఆ జట్టునకు మొదటి విజయమును తెచ్చెను. మద్రాసున ఇటువంటిదే మఱొక వంశక్రమము కలదు: క్లబ్బు స్థాపకులలో ఒకడైన ఇందు చందోక్, అతని కుమారుడు రాలీ డ్రైవరు విక్కీ, మనుమడు కరుణ్. 2010లో ఫార్ములా వన్‌లో ప్రవేశించిన రెండవ భారతీయుడు ఆ కరుణ్. అతనికిని తోటివాడుగా దొరికినది అనుభవజ్ఞుడు కాదు. క్రొత్తవాడైన బ్రూనో సెన్నా.

2011లో నరైన్ హిస్పానియా జట్టున ఫార్ములా వన్‌కు తిరిగివచ్చెను. వయస్సు 34. జులైలో ఇంగ్లండు పందెమునుండి అతని చోటును 22 ఏండ్ల ఆస్ట్రేలియా యువకుడు డానియెల్ రికియార్డోకు ఇచ్చిరి. రెడ్ బుల్ సంస్థ ఆ యువకుని వెనుక నుండెను. కాలిన్స్ పెద్దవానికి చోటిచ్చెను. ఇచ్చట పెద్దవాడు పిన్నవానికి చోటు విడువవలసి వచ్చెను, తన యిష్టముతో కాదు. అయినను జట్టును వీడి పోలేదు. ఆ యేటి అక్టోబరు 30న ఢిల్లీ చేరువ గ్రేటర్ నోయిడాలో మన దేశపు మొదటి ఫార్ములా వన్ పందెము జరిగినపుడు నరైన్‌కు ఆ ఒక్క దినమునకు కారు దొరకెను. తోటివాడు రికియార్డోయే. నాలుగు నెలలు పందెమున దిగని పెద్దవాడు 17వ స్థానమునను, తన చోటు తీసికొన్న పిన్నవాడు 18వ స్థానమునను ముగించిరి. పట్టికలో ఇవి చివరి వరుసలు. వార్తాపత్రికలు వానిని దాటిపోయినవి. రికియార్డో తరువాతి కాలమున గొప్ప విజయములు పొందెను గనుక ఆ 17, 18 అంకెలకు నేడు విలువ హెచ్చినది. 2012లో అదే జట్టున నరైన్‌కు 41 ఏండ్ల స్పెయిను డ్రైవరు పెద్రో దె లా రోసా తోటివాడాయెను. కోరిన పెద్దదిక్కు ఏడేండ్లు ఆలస్యముగా వచ్చెను. ఆ యేటి చివర జట్టే మూతపడెను.

పెద్దవాడును పిన్నవాడును ఒకే కారును పంచుకొను పందెములు కొన్ని కలవు. వానిలో తోటివాడు ప్రత్యర్థి యగుటకు వీలులేదు. జపానులోని సూపర్ జి.టి. అట్టిది. ఒక్కొక్క కారునకు ఇద్దఱు డ్రైవరులు; నడుమ ఒకడు దిగి మఱొకడు ఎక్కవలెను. దూరములో మూడింట రెండు వంతులకు మించి ఏ ఒక్కడును నడపరాదు. 2019లో నకజిమా జట్టువారి హోండా కారును నరైన్, 22 ఏండ్ల తదాసుకె మకినో పంచుకొనిరి. జట్టు యజమాని సతోరు నకజిమా జపానునుండి ఫార్ములా వన్‌లో స్థిరపడిన తొలి డ్రైవరు. తన దేశమునకు మొదటివాడగుట ఎట్టి భారమో అతనికి తెలియును. కారు ఒకటియే గనుక అమరికయు ఒకటియే. వెనుక చక్రములు కదలక నిలువవలెనని ఒకడు కోరును. ముందు చక్రములు చుఱుకుగా తిరుగవలెనని మఱొకడు కోరును. ఇద్దఱిలో ఎవనికిని పూర్తిగా నచ్చని, ఇద్దఱును వేగముగా నడపగల అమరికయే మంచి అమరిక. మొదటివాడు టైరులను నలిపివేసినచో ఆ ఫలితమును రెండవవాడు మోయవలెను. ఇట్టి సంసారమున ఒక సంవత్సరము గడపి, 2019 నవంబరు 24న ఫుజీ పర్వతము చెంత జర్మనుల జపానీయుల కారులు కలిసి పరుగెత్తిన పందెమున నరైన్ గెలిచెను. నాడతనికి 42 ఏండ్లు. మోంజాలో కాలిన్స్ కారు నందుకొన్న నాటి ఫాంజియోకు 45.

2021 ఫిబ్రవరిలో దుబాయి, అబుదాబీలలో జరిగిన ఏషియన్ లె మాన్స్ పందెములు ఒక్కొక్కటి నాలుగు గంటలవి. వానిలో రేసింగ్ టీమ్ ఇండియా అను పేర భారతీయులే ముగ్గురు ఒక కారును పంచుకొనిరి: నరైన్, బెంగుళూరు యువకుడు అర్జున్ మైనీ, నవీన్ రావు. నరైన్ 44 ఏండ్లవాడు, అర్జున్ 23 ఏండ్లవాడు. 2005లో నరైన్‌కు దొరకనిది పదునాఱేండ్ల పిమ్మట అర్జున్‌కు దొరకెను: తన దేశపువాడే యైన పెద్దవాడు దిగిన కారులో ఎక్కుట.

తెలుగు గడ్డపై ఈ క్రమము హైదరాబాదున మొదలాయెను. 2022లో ఏర్పడిన ఇండియన్ రేసింగ్ లీగులో ఆఱు జట్లు; ఒక్కొక్క జట్టునకు నలుగురు డ్రైవరులు, అందొక స్త్రీ యుండవలెనని నియమము; కారులు మాత్రము రెండే. హైదరాబాదు బ్లాక్‌బర్డ్స్ జట్టున స్థానికుడైన అనిందిత్ రెడ్డి, బెంగుళూరు యువకుడు అఖిల్ రవీంద్ర, ఫ్రాన్సు యువతి లోలా లోవిన్‌ఫోస్, వీరికి పెద్దగా నీల్ జానీ. జానీ తండ్రివైపున భారతీయ మూలము గల స్విట్జర్లండువాడు; 2016లో లె మాన్స్ 24 గంటల పందెమును పోర్షె కారులో గెలిచిన ముగ్గురిలో ఒకడు; ఏ1 గ్రాండ్ ప్రీలో నరైన్‌కు ప్రత్యర్థి. ఆ డిసెంబరులో హుస్సేన్‌సాగరము ఒడ్డున, నగరపు బస్సులు తిరుగు దారిలోనే తాత్కాలికముగా గోడలు నిలిపి పందెములు జరిపిరి. నలుగురికి రెండు కారులు గనుక, లె మాన్స్ గెలిచినవాడు బెల్టులు విప్పి దిగి, సీటును వదలును. ఆ వెచ్చని సీటులోనే మఱొకరు ఎక్కి కూర్చుండవలెను.